రెండు జెండాల మధ్య డ్రాజెన్ పెట్రోవిచ్

డ్రాజెన్ పెట్రోవిచ్ బతికింది 28 ఏళ్లే. అయినా అతను పుట్టిన దేశం అతనికంటే ముందే పోయింది. 1964 అక్టోబర్ 22న ఏడ్రియాటిక్ తీరంలోని షిబెనిక్ పట్టణంలో పుట్టినప్పుడు ఆ ఊరు యుగోస్లావియాలో ఉంది. 1993 జూన్ 7న జర్మనీలో ఒక హైవే మీద ప్రాణం పోయేనాటికి అదే ఊరు క్రొయేషియాలో ఉంది. ఈ మధ్యలో అతను రెండు దేశాల జెర్సీలు వేసుకున్నాడు, రెండు దేశాలకూ ఒలింపిక్ పతకాలు తెచ్చాడు, ఒక ప్రాణస్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు. యూరప్ ఆటగాళ్లు అమెరికా బాస్కెట్‌బాల్‌కి పనికిరారన్న నమ్మకాన్ని బద్దలుకొట్టాడు కూడా.

మన దగ్గర ఒక తరానికి యుగోస్లావియా అంటే టిటో. నెహ్రూ, నాసర్‌ల పక్కన నిలబడిన టిటో, 1961లో బెల్‌గ్రేడ్‌లో జరిగిన తొలి అలీన దేశాల సదస్సు. సెర్బులు, క్రొయేట్లు, స్లోవీన్లు, బోస్నియా ముస్లింలు, మాసిడోనియన్లు, మాంటెనెగ్రో వాళ్లు కలిసి ఉన్న ఆ సమాఖ్య మనలాంటి దేశమేనని అప్పట్లో చాలామంది అనుకునేవారు. ఆ దేశం ప్రపంచంలో అందరికంటే బాగా చేసిన పనుల్లో బాస్కెట్‌బాల్ ఒకటి. అమెరికా, సోవియట్ యూనియన్‌లతో సమానంగా నిలబడగలిగిన మూడో జట్టు వాళ్లదే. పెట్రోవిచ్ ఇల్లే ఒక చిన్న యుగోస్లావియా. తండ్రి యోవాన్ హెర్జెగోవినా నుంచి వచ్చిన సెర్బ్, పోలీసు ఉద్యోగి. తల్లి బిసెర్కా క్రొయేట్, లైబ్రరీలో పనిచేసేది. వాళ్లకిద్దరు కొడుకులు, ఇద్దరూ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లే. అన్న అలెగ్జాండర్‌ని చూసి తమ్ముడు బంతి పట్టాడు.

షిబెనిక్‌లో బాల్దెకిన్ అనే ఇండోర్ హాలు ఉంది. బడికి వెళ్లేముందు తెల్లవారుజామునే అక్కడికెళ్లి డ్రాజెన్ ఒక్కడే వందల షాట్లు కొట్టేవాడని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇలాంటి కథలు ప్రతి పెద్ద ఆటగాడి గురించీ పుడతాయి, కొంత తగ్గించుకుని వినాలి. కానీ పెట్రోవిచ్ విషయంలో తగ్గించుకోవాల్సిన అవసరం పెద్దగా లేదు. అతనితో ఆడినవాళ్లూ అతన్ని తిట్టుకున్నవాళ్లూ ఒప్పుకునే విషయం అదొక్కటే. అతను పుట్టుకతో మెరుపులాంటివాడు కాదు. అంత వేగం లేదు, ఎగిరి బాస్కెట్‌లో బంతి కుక్కేవాడూ కాదు. ఒకే పనిని లక్షసార్లు చేసి, నిద్రలో లేపి అడిగినా తప్పకుండా చేసే స్థితికి తెచ్చుకున్నవాడు. 15 ఏళ్లకే స్థానిక క్లబ్ షిబెంకా మొదటి జట్టులోకి వచ్చాడు. అంత చిన్న ఊరి జట్టు 1982, 1983లలో వరుసగా రెండుసార్లు యూరప్ స్థాయి కొరాచ్ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. రెండుసార్లూ ఫ్రాన్స్ జట్టు లిమోజ్ చేతిలో ఓడింది.

1983 ఏప్రిల్ 9న జరిగిన మ్యాచ్‌ని మాత్రం షిబెనిక్ ఇంకా మర్చిపోలేదు. యుగోస్లావ్ లీగ్ ఫైనల్, ప్రత్యర్థి సరాయెవో జట్టు బోస్నా. చివరి క్షణాల్లో షిబెంకా ఒక్క పాయింట్ వెనకబడి ఉంది. రిఫరీ ఫౌల్ ఇచ్చాడు. 18 ఏళ్ల కుర్రాడు రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. 83-82. ఊరు రాత్రంతా పండగ చేసుకుంది. తెల్లారేసరికి సమాఖ్య ఆ ఫలితాన్ని రద్దుచేసింది. రిఫరీ నిర్ణయాల్లో అక్రమం జరిగిందని, మూడో ఊరిలో మళ్లీ ఆడాలని చెప్పింది. షిబెంకా వెళ్లనంది. టైటిల్ బోస్నాకి ఇచ్చేశారు. దానివెనక రాజకీయం ఉందని ఒక వర్గం, ఫౌలే తప్పని ఇంకో వర్గం. ఏది నిజమైనా, ఒక పట్టణం తన గెలుపు తన చేతిలోంచి లాగేసుకున్నారన్న బాధను రెండు తరాలపాటు మోయడానికి ఆ ఒక్క రాత్రి చాలు.

ఏడాదిపాటు తప్పనిసరి సైనిక సేవ చేసి, 1984లో అన్న ఆడుతున్న జాగ్రెబ్ జట్టు సిబోనాకి వచ్చాడు. అక్కణ్నుంచి నాలుగేళ్లు యూరప్ బాస్కెట్‌బాల్ అంటే అతనే. 1985లో యూరోపియన్ చాంపియన్స్ కప్ ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ మీద 36 పాయింట్లు కొట్టాడు. 1986లో లిథువేనియా జట్టు జల్గిరిస్‌ని, అందులోని దిగ్గజం సబోనిస్‌ని ఓడించి కప్పు నిలబెట్టుకున్నారు. బాస్కెట్‌బాల్ మోజార్ట్ అన్న పేరు అప్పుడే వచ్చింది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్‌లో మూడు పాయింట్ల గీత వచ్చింది కూడా 1984లోనే. దూరం నుంచి వేసిన షాట్‌కి రెండుకి బదులు మూడు పాయింట్లు ఇచ్చే నిబంధన అది. చిన్నప్పటినుంచీ దూరం నుంచి వేయడమే సాధన చేసినవాడికి నిబంధనే ఎదురొచ్చి స్వాగతం చెప్పినట్టయింది.

అతని పేరు చెప్పగానే అందరూ ఎత్తే లెక్క 112. 1985 అక్టోబర్‌లో లుబ్లియానా జట్టు ఒలింపియా మీద ఒక్కడే చేసిన పాయింట్లు అవి. నిజానికి ఆ రికార్డుని అంత నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఏదో నమోదు చిక్కు వల్ల ఆ రోజు ఒలింపియా తన జూనియర్లను దింపింది. పిల్లల మీద 112 కొట్టడంలో గొప్పేముంది? కానీ గెలుపు ఎప్పుడో ఖాయమైన మ్యాచ్‌లో, ఎదుట పిల్లలున్నారని తెలిసీ, చివరిదాకా ఆగకుండా వేస్తూనే ఉన్నాడంటే ఆ మనిషి స్వభావం తెలుస్తుంది. ఆ రోజుల్లో అతను ఏమంత మర్యాదస్తుడు కాదు. పాయింటు వేశాక చేతులు గాల్లో ఊపేవాడు, ప్రత్యర్థిని వెక్కిరించేవాడు, వాళ్ల ప్రేక్షకుల్ని రెచ్చగొట్టేవాడు. మాడ్రిడ్‌లో అతన్ని అసహ్యించుకునేవారు. చివరికి 1988లో ఆ రియల్ మాడ్రిడ్డే డబ్బులిచ్చి అతన్ని కొనుక్కుంది.

స్పెయిన్‌లో ఉన్నది ఒక్క సీజనే. 1989 మార్చిలో ఏథెన్స్‌లో ఇటలీ జట్టు కజెర్తాతో కప్ విన్నర్స్ కప్ ఫైనల్. ఎదుట బ్రెజిల్ ఆటగాడు ఆస్కార్ ష్మిట్ 44 కొడితే, పెట్రోవిచ్ 62 కొట్టాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో మాడ్రిడ్ 117-113తో గెలిచింది. ఇది నెత్తిన పెట్టుకోదగ్గ లెక్క. అయితే బంతి ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటే మిగతా నలుగురికీ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ జట్టులోని పెద్ద ఆటగాడు ఫెర్నాందో మార్తీన్ ఎన్‌బీఏలో ఆడిన తొలి స్పానియార్డ్. ఆడింది పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్‌కి. పెట్రోవిచ్ కూడా తర్వాత అదే పోర్ట్‌లాండ్‌కి వెళ్లాడు. మార్తీన్ 1989 డిసెంబర్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఇద్దరి కథలూ ఇలా కలవడం యాదృచ్ఛికమే అయినా చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

పోర్ట్‌లాండ్ అతన్ని 1986 డ్రాఫ్ట్‌లోనే 60వ ఆటగాడిగా ఎంచుకుంది. డ్రాఫ్ట్ అంటే ఎన్‌బీఏ క్లబ్బులు కొత్త ఆటగాళ్లపై హక్కుని వరసగా పంచుకునే పద్ధతి. 2015లో పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్ 52వ స్థానంలో ఎంపికైతే మనం ఎంత సంబరపడ్డామో గుర్తుండే ఉంటుంది. అప్పట్లో యూరోపియన్ని 60వ స్థానంలో తీసుకోవడమంటే లాటరీ టికెట్ కొని జేబులో పడేసుకోవడం లాంటిదే. 1989లో ఆ టికెట్ తీసి చూశారు. మాడ్రిడ్‌కి పరిహారం చెల్లించి అతన్ని అమెరికా రప్పించారు. అదే ఏడాది వ్లాదె దివాత్స్ లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి, మార్చులియోనిస్ గోల్డెన్ స్టేట్‌కి, వోల్కోవ్ అట్లాంటాకి, పాస్పాల్ శాన్ ఆంటోనియోకి వచ్చారు. తూర్పు యూరప్‌లో తలుపులు తెరుచుకుంటున్న సంవత్సరం అది.

యూరప్‌లో మ్యాచ్‌కి 40 పాయింట్లు కొట్టినవాణ్ణి పోర్ట్‌లాండ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టారు. అతని స్థానంలో ఆడేది క్లైడ్ డ్రెక్స్‌లర్, పక్కన టెర్రీ పోర్టర్. ఇద్దరూ ఆ లీగ్‌లోనే మేటి ఆటగాళ్లు. పెట్రోవిచ్‌కి మ్యాచ్‌కి సగటున 12 నిమిషాలు, 7.6 పాయింట్లు. జట్టు 1990 ఫైనల్స్ దాకా వెళ్లి డెట్రాయిట్ చేతిలో ఓడింది. రెండో ఏడాది మరీ ఘోరం, నిమిషాలు ఇంకా తగ్గాయి. షాట్లు బాగానే వేస్తాడు, ఎవర్నీ ఆపలేడు అన్నది అతనిమీద ముద్ర. ఆ మాటలో కొంత నిజం ఉంది. డిఫెన్స్‌లో అతను బలహీనుడే. కానీ యూరోపియన్లు శరీరబలం లేనివాళ్లు, గట్టిగా తగిలితే వెనక్కి తగ్గుతారు అన్న తేలికభావమూ అందులో కలిసి ఉంది. యూరప్‌లో మకుటం లేని మహారాజుగా ఉన్నవాడు ఆ రెండేళ్లలో జిమ్‌లో బరువులెత్తి ఒళ్లు గట్టిపరచుకున్నాడు. 1991 జనవరిలో అతన్ని న్యూజెర్సీ నెట్స్‌కి పంపేసేలోపు ఆ సీజన్‌లో పోర్ట్‌లాండ్‌కి ఆడింది 18 మ్యాచ్‌లే.

ఆ రోజుల్లో అతనికి తోడు దివాత్స్. సెర్బ్ కుర్రాడు, ఏడడుగుల మనిషి, పెట్రోవిచ్ కంటే మూడేళ్లు చిన్న. 1986 ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో చివరి నిమిషంలో తొమ్మిది పాయింట్ల ఆధిక్యం ఉండి కూడా యుగోస్లావియా సోవియట్ చేతిలో ఓడిపోయింది. 18 ఏళ్ల దివాత్స్ ఆ నిమిషంలోనే డబుల్ డ్రిబుల్ తప్పు చేశాడు. ఆ జట్టు 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చింది. 1989లో జాగ్రెబ్‌లోనే యూరోపియన్ చాంపియన్‌షిప్ గెలిచింది. ఆ ఫైనల్ రోజు క్రొయేషియా రాజధాని ప్రేక్షకులు యుగోస్లావియా గెలవాలని అరిచారు. రెండేళ్లలో ఆ మాట నమ్మడం కూడా కష్టమయ్యే పరిస్థితి వచ్చింది. అమెరికాలో ఇద్దరూ వేర్వేరు నగరాల్లో ఉన్నా, ఫోన్లలో గంటలు గంటలు సొంత భాషలో మాట్లాడుకుని ఒంటరితనం తీర్చుకునేవారు.

1990 మే 13న జాగ్రెబ్ మాక్సిమిర్ స్టేడియంలో డైనమో, బెల్‌గ్రేడ్ రెడ్ స్టార్ ఫుట్‌బాల్ మ్యాచ్ అల్లర్లతో ఆగిపోయింది. మూడు నెలల తర్వాత, ఆగస్టులో, బ్యూనస్ ఎయిర్స్‌లో యుగోస్లావియా బాస్కెట్‌బాల్ జట్టు సోవియట్‌ని 92-75తో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఆటగాళ్లు ఒకర్నొకరు కావలించుకుంటుండగా ఒక ప్రేక్షకుడు క్రొయేషియా జెండా పట్టుకుని కోర్టులోకి వచ్చాడు. దివాత్స్ ఆ జెండా అతని చేతిలోంచి లాగేశాడు. ఇది అందరి గెలుపు, ఒక్క క్రొయేషియాది కాదు అన్నదే తన ఉద్దేశమని దివాత్స్ ఆ తర్వాత ఎన్నోసార్లు వివరించుకున్నాడు. వేరే ఏడాది అయ్యుంటే బహుశా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ ఏడాది మాత్రం ఆ కొన్ని సెకన్ల దృశ్యం ఒక రిపబ్లిక్‌లో ద్రోహం, ఇంకో రిపబ్లిక్‌లో వీరత్వం అయిపోయింది. పెట్రోవిచ్ మెల్లగా ఫోన్లు మానేశాడు. నెట్స్, లేకర్స్ తలపడినప్పుడు కోర్టులో ఎదురుపడినా ముభావంగా ఉండేవాడు.

ఇందులో పెట్రోవిచ్ తప్పెంత? దివాత్స్ వైపు నుంచి కథ చాలాసార్లు వచ్చింది కాబట్టి మనం సహజంగానే అటు మొగ్గుతాం. పెట్రోవిచ్‌కి తన వైపు చెప్పుకునే వ్యవధి లేకపోయింది. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. 1991 జూన్ 25న క్రొయేషియా, స్లోవేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. సెప్టెంబర్‌లో యుగోస్లావ్ సైన్యం షిబెనిక్ మీద దాడిచేసింది. శతాబ్దాల నాటి సెయింట్ జేమ్స్ కథీడ్రల్ గోపురం దెబ్బతింది. అతను పుట్టి పెరిగిన ఊరది. తండ్రి సెర్బ్ అయిన మనిషి, న్యూజెర్సీలో టీవీ ముందు కూర్చుని సొంత ఊరిమీద పడుతున్న గుళ్లను చూస్తూ సెర్బ్ స్నేహితుడికి ఫోన్ చేసి ఏం మాట్లాడాలి? ఆ ఇంట్లోని రెండు మూలాల్లో ఒకదాన్ని అతను బహిరంగంగా ఎంచుకున్నాడు. ఎంచుకోకుండా ఉండే స్వేచ్ఛ అప్పుడు ఎవరికీ మిగల్లేదు.

మన ఉపఖండానికి ఇది కొత్త సంగతేమీ కాదు. 1946లో ఇంగ్లండ్‌లో భారత్ తరఫున టెస్టులాడిన అబ్దుల్ హఫీజ్ కర్దార్, 1952లో ఢిల్లీలో పాకిస్తాన్ తొలి టెస్టు జట్టు కెప్టెన్‌గా భారత్‌తో టాస్ వేశాడు. గీతలు గీసేవాళ్లు డ్రెస్సింగ్ రూముల మధ్యనుంచి కూడా గీస్తారు.

యుద్ధం ముదిరినకొద్దీ పెట్రోవిచ్ ఆట పదునెక్కింది. నెట్స్ అప్పటికి దిక్కులేని జట్టు. 1990-91లో 82 మ్యాచ్‌ల్లో 26 గెలిచింది. మరుసటి సీజన్‌లో పెట్రోవిచ్ 82 మ్యాచ్‌లూ ఆడి సగటున 20.6 పాయింట్లు చేశాడు. మూడు పాయింట్ల షాట్లలో 44.4 శాతం లోపలికి వెళ్లాయి. 1986 తర్వాత మొదటిసారి నెట్స్ ప్లేఆఫ్‌కి వెళ్లింది. 1992-93లో సగటు 22.3కి పెరిగింది, మూడు పాయింట్ల శాతం 44.9. 1993 జనవరిలో హ్యూస్టన్ మీద 44 పాయింట్లు కొట్టాడు. ఇప్పటి ఎన్‌బీఏ చూసేవాళ్లకి ఇవి మామూలుగా కనిపించవచ్చు. అప్పట్లో ఎన్‌బీఏ జట్లు దూరపు షాట్లు చాలా తక్కువగా వేసేవి. ఇవాళ స్టీఫెన్ కర్రీ తరం ఆడుతున్న ఆట అప్పుడు ఉండుంటే పెట్రోవిచ్ చేత ఇంకెన్ని షాట్లు వేయించేవారో!

ఇంత ఆడినా 1993 ఆల్‌స్టార్ మ్యాచ్‌కి అతన్ని పిలవలేదు. సీజన్ ముగిశాక లీగ్ అత్యుత్తమ ఆటగాళ్ల మూడో జట్టులో మాత్రం చోటిచ్చారు. ఆ అవమానం అతన్ని బాగా కుదిపింది. నెట్స్‌తో కాంట్రాక్టు ముగిసింది, కొత్తది తేలలేదు. తిరిగి యూరప్ వెళ్లిపోయి గ్రీస్‌లో ఆడాలన్న ఆలోచన కూడా అతనికి ఉంది.

అంతకుముందు ఏడాది బార్సిలోనా గురించి చెప్పుకోవాలి. వేసవి ఒలింపిక్స్‌కి క్రొయేషియా సొంత జెండాతో తొలిసారి వచ్చింది 1992లోనే. సెర్బియా, మాంటెనెగ్రోలతో మిగిలిన యుగోస్లావియా మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలున్నాయి కాబట్టి వాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు రాలేదు, దివాత్స్ ఆడలేదు. క్రొయేషియా జట్టులో పెట్రోవిచ్, టోనీ కుకోచ్, దినో రాజా, వ్రాంకోవిచ్ ఉన్నారు. సెమీఫైనల్లో మాజీ సోవియట్ రిపబ్లిక్‌ల ఉమ్మడి జట్టుపై 75-74తో గెలిచారు. చివరి క్షణాల్లో మళ్లీ పెట్రోవిచ్ ఫ్రీ త్రోలే, 1983 షిబెనిక్‌లో లాగే. ఈసారి మర్నాడు రద్దుచేసేవాళ్లు లేరు. ఆగస్టు 8న ఫైనల్‌లో ఎదుట ఉన్నది జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్‌ల అమెరికా డ్రీమ్ టీమ్. మొదటి సగంలో ఒక దశలో క్రొయేషియా 25-23తో ముందుంది. తర్వాత జరగాల్సిందే జరిగింది, 117-85. పెట్రోవిచ్ 24 పాయింట్లు చేశాడు. ఆ టోర్నీలో డ్రీమ్ టీమ్ ముందు వణకని అతి కొద్దిమందిలో అతనొకడు. పుట్టి ఏడాదైన దేశానికి, మూడోవంతు భూభాగం తన అదుపులో లేని దేశానికి ఆ రజతం ఏమిటో బయటివాళ్లకి పూర్తిగా అర్థం కాదు.

1993 జూన్ మొదటి వారంలో పోలండ్‌లోని వ్రోత్స్వావ్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్ అర్హత మ్యాచ్‌లు ఆడాడు. జట్టు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా జాగ్రెబ్‌కి విమానంలో వెళ్లింది. పెట్రోవిచ్ అక్కడ దిగిపోయి, స్నేహితురాలితో కారులో బయల్దేరాడు. జూన్ 7 సాయంత్రం, బవేరియాలో ఇంగోల్‌స్టాట్ దగ్గర్లోని డెంకెన్‌డార్ఫ్ వద్ద వాన పడుతోంది. ఎదురు దారిలో వస్తున్న ఒక ట్రక్కు అదుపుతప్పి మధ్య అడ్డుకట్ట దాటి వీళ్ల దారికి అడ్డంగా నిలిచిపోయింది. కారు దాన్ని గుద్దుకుంది. స్నేహితురాలు నడుపుతోంది. పెట్రోవిచ్ ముందు సీటులో నిద్రపోతున్నాడు, సీటు బెల్టు పెట్టుకోలేదు. కారులోని మిగతా ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు.

జాగ్రెబ్ మిరోగొయ్ శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి. యుద్ధంలో ఉన్న నగరం ఆగిపోయింది. దివాత్స్ రాలేదు, రాగలిగే పరిస్థితీ లేదు. నెట్స్ ఆ నవంబర్‌లో అతని 3వ నంబర్ జెర్సీని శాశ్వతంగా విశ్రమింపజేసింది. సిబోనా హాలుకి అతని పేరు పెట్టారు. 2001లో వింబుల్డన్ గెలిచిన గొరాన్ ఇవానిసెవిచ్ స్ప్లిట్ రేవులో లక్షమందికి పైగా జనం ముందుకు వచ్చినప్పుడు ఒంటిమీద ఉన్నది పెట్రోవిచ్ నెట్స్ జెర్సీ. 2002లో అమెరికా బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2006లో జాగ్రెబ్‌లో అతని మ్యూజియం తెరిచారు, దానికి మూలం తల్లి బిసెర్కా. ఆయుధాలు ఆగాక కూడా ఆటలో పగ ఆగలేదు. 1995లో ఏథెన్స్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్ పతకాలు ఇస్తున్నప్పుడు, మూడో స్థానంలో నిలిచిన క్రొయేషియా ఆటగాళ్లు యుగోస్లావియాకి స్వర్ణం ఇవ్వకముందే వేదిక దిగి వెళ్లిపోయారు. రెండువైపులా ఉన్నది ఒకప్పుడు ఒకే గదిలో బట్టలు మార్చుకున్నవాళ్లే.

దివాత్స్ మళ్లీ జాగ్రెబ్‌లో అడుగుపెట్టింది చాలా ఏళ్ల తర్వాత, 2010లో విడుదలైన ఒక డాక్యుమెంటరీ కోసం. కెమెరా వెంట నడుస్తుంటే దారినపోయేవాళ్లలో కొందరు గుర్తుపట్టి గుర్రుగా చూశారు. బిసెర్కానీ అలెగ్జాండర్‌నీ కలిశాడు. తర్వాత మిరోగొయ్ వెళ్లి, తామిద్దరూ కలిసి ఉన్న పాత ఫొటో ఒకటి సమాధి మీద పెట్టి వచ్చాడు.